జెర్మిన్ వీధిలో బ్రష్షు బేరము

లండను నగరమును చూచివచ్చిన మన స్త్రీలు వ్రాయు వ్యాసములలో రాజప్రాసాదము, థేమ్సునదిపై వంతెనలు, మైనపుబొమ్మల శాల తప్పక కనిపించును. వానిని మరల వర్ణించి సోదరీమణుల కాలమును హరింపదలచుకొనలేదు. నేను చెప్పబోవునది ఒక చిన్నవీధి మాట. దాని పేరు జెర్మిన్ వీధి. ఆడువారు కొనదగిన వస్తువులు అందు అరుదు. కనుకనే కాబోలు, మనవారి కన్ను దానిపై అంతగా పడలేదు.

పికడిల్లీ యను గొప్ప రాజవీధికి దక్షిణపువైపున, దాని నీడవలె వెన్నంటి నడచు వీధి యిది. తీరికగా నడచినను పదినిమిషములలో ముగియును. 1660 తరువాత హెన్రీ జెర్మిన్ అను ప్రభువు ఈ చుట్టుపట్ల ఇండ్లు కట్టించెను. ఆతని పేరే వీధికి నిలిచినది. వీధికిని పికడిల్లీకిని నడుమ, ఎఱ్ఱని యిటుకలతో సెయింట్ జేమ్సు దేవాలయము కలదు. క్రిస్టఫర్ రెన్ అను శిల్పాచార్యుడు నిర్మించిన యా కట్టడము 1684లో ప్రతిష్ఠితమైనది. 1940లో శత్రువిమానముల బాంబులకు దెబ్బతిని, పిమ్మట బాగుపడినది. న్యూటను మహాశయుడు 1700 ప్రాంతమున ఈ వీధిలోనే కొన్నియేండ్లు కాపురముండెనని ఒక యింటి గోడమీద ఫలకము తెలుపుచున్నది. అంతటి పండితుని గుమ్మమునకు పొరుగుననే ఇప్పుడు చొక్కాలవారు, పాదరక్షలవారు, అత్తరులవారు వర్తకము చేసికొనుచున్నారు. అత్తరుల కొట్టు 1730లో మినోర్కా ద్వీపమునుండి వచ్చిన ఫ్లోరిస్ అను నాతడు పెట్టినది. నేటికిని ఆ పేరనే యున్నది. మరి నాలుగడుగులు వేసినచో పాల గడ్డల కొట్టొకటి, దానిపేరు చీజు, ఆ వాసన సోకగానే నేను కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొంటిని. మా అమ్మాయి నన్ను చూచి నవ్వినది.

వీధి నడుమ ఒక కంచువిగ్రహము. రాజో, సేనానియో అనుకొందురేమో! కాదు. బ్రమ్మెల్ అను సోగ్గాడు. 1778లో పుట్టి, రాజకుమారుని చెలిమి సంపాదించి, మగవాడు ఎట్లు దుస్తులు తొడుగవలెనో, ఎట్లు దినమును స్నానముచేసి నున్నగా గడ్డము గీసికొనవలెనో లండను ప్రభువుల కెల్ల నేర్పిన మనిషి. గంటలకొలది అద్దమెదుట గడపెడివాడట. తుదకు అప్పులు మిక్కుటమై 1816లో సముద్రము దాటి పారిపోయి, 1840లో ఫ్రాన్సుదేశమున దిక్కులేక, మతిచెడి మరణించెను. ఆతనికి 2002లో ఇచ్చట విగ్రహము నెత్తిరి. మగవారి యలంకారమునకు ఇంతటి మర్యాద చేయు వీధిని నేను మరియెచ్చటను చూడలేదు. మన అలంకారములను గూర్చి పరిహాసములాడు మగవారిని ఒకసారి ఇచ్చటికి తీసికొనిపోవలెను.

ఇక ఈ వీధిలోను, దీని చివరనుండు సెయింట్ జేమ్సు వీధిలోను, కొంచెము దూరముననున్న కర్జన్ వీధిలోను క్షురకర్మకు సంబంధించిన కొట్లు వరుసగా నున్నవి. హారిసు అను మందులకొట్టు 1790 నాటిది. ట్రూఫిట్ వారిది 1805 నాటిది. ట్రంపరువారిది 1875 నాటిది. 1854లో వెలసిన టేలరువారి కొట్టు పేరులో పాత బాండువీధి యని యుండును, కొట్టు మాత్రము జెర్మిన్ వీధిలో నున్నది. మన ఊళ్ల ఇంటిపేళ్లును ఇట్టివే కదా! ఊరొకటి, కాపురము మరియొకటి.

ఆడుదానవు, నీకు ఆ కొట్లతో నేమి పని యని అడుగుదురు. మా మామగారి కొరకు వెళ్లితిని.

మా మామగారికి ఎనుబదినాలుగేండ్లు. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయులుగా పనిచేసినన్నాళ్లును, మంగళ శుక్రవారములు తప్ప, గడ్డము గీసికొననిదే గడప దాటినవారు కారు. గుండెజబ్బు వచ్చిన తరువాత రక్తమును పలుచబరచు మందు వాడుచున్నారు. వార్ధక్యముచేత చర్మము ఉల్లిపొరవలె నైనది. చిన్న గాటు పడినను నెత్తురు గడియసేపు ఆగదు. చేతులు వణకుటచే తాముగా గీసికొనలేరు. వారమునకు రెండుసార్లు ఇంటికి వచ్చి క్షౌరము చేయు వృద్ధుడు కాలముచేసెను. ఆతని కుమారుడు పట్టణమున కొట్టు పెట్టుకొని తీరిక లేనివాడయ్యెను. కావున ఆ పని మావారి చేతికి వచ్చినది. వారు ఊరికి వెళ్లినపుడు నా చేతికి.

మొదట విద్యుత్తుతో నడచు యంత్రమును తెచ్చితిమి. ముడుతలలోని వెండ్రుకలను అది కోయక లాగుచుండెడిది. డబ్బాలోనుండి వచ్చు నురుగు చల్లగా తగిలి, దాని వాసనకు ఆయనకు దగ్గు తెర వచ్చెడిది. మా బజారులో కొనిన బ్రష్షు పెట్టి సబ్బు రుద్దగా చెక్కిళ్లు ఎఱ్ఱబారి దద్దులు లేచినవి. "ఇది బ్రష్షు కాదమ్మాయీ, కొబ్బరిపీచు" అనిరి. అటుపిమ్మట, వద్దులెమ్మని గడ్డము పెంచుకొనసాగిరి. గడ్డము పెరుగుట ఏమంత కష్టమని నేనును మొదట అనుకొంటిని. కాని ఆయన అద్దము చూచుట మానిరి. సాయంకాలమున పాత శిష్యులు వచ్చినపుడు వీధియరుగుమీదికి పోక, ఒంట్లో బాగులేదని చెప్పుమని లోపలనే పడుకొనుచుండిరి. ఇది చూచిన తరువాత నాకు ఊరకుండ మనసొప్పలేదు.

2024వ సంవత్సరము మే నెలలో మా అమ్మాయి కాన్పునకై లండను పోవలసివచ్చినపుడు, మెత్తని బ్రష్షు నొకదానిని తెత్తునని ఆయనతో చెప్పితిని. "తెచ్చునది ఏ జంతువు వెండ్రుకయో కనుగొని తెమ్ము" అనిరి. మేము శాకాహారులము. మునుపటి బ్రష్షు పందివెండ్రుకలదని నాకు తెలియును, ఆయనకు తెలియదు. తెలిసియున్నచో దానిని మొగమునకు తాకనిచ్చెడివారు కారు.

కొట్టులో ఒక పెద్దమనిషి, తెల్లని మీసములవాడు, ఆకుపచ్చని గుడ్డ పరచి దానిమీద నాలుగు బ్రష్షులు పెట్టెను. నేను అరచేతిలో రాచి చూడబోగా, అట్లుకాదు, మణికట్టు లోపలివైపున గాని చెంపమీద గాని రాచిచూడుడని మర్యాదగా చెప్పెను. నిజమే! వంటయింట పెనములు పట్టి పట్టి కాయలు కాచిన చేతులకు మెత్తన యేమి తెలియును?

నాలుగును బాడ్జరు అను జంతువు వెండ్రుకలతో చేసినవే. వెండ్రుక మొదట తెలుపు, నడుమ నల్లని పట్టీ, కొనయందు మరల తెలుపు. తక్కువ వెలదానికి 'ప్యూరు' అని పేరు. దానికంటె మేలైనది 'బెస్టు', అంతకు మేలైనది 'సూపరు', అన్నిటికిని మిన్న 'సిల్వర్‌టిప్', అనగా వెండికొన. ఈ పేర్లకు సర్కారు తూకమురాళ్లవలె నిర్ణయమేదియు లేదు. ఒక కొట్టువాని 'బెస్టు' వేరొకని 'సూపరు' కావచ్చును. కావున పేరును నమ్మక చర్మమును నమ్మవలెను.

మెత్తదనమునకు కారణము ఆ వృద్ధుడు చక్కగా విప్పిచెప్పెను. జంతువు ఒంటిమీద పుట్టిన వెండ్రుక కొన సూదివలె క్రమముగా సన్నబడి యుండును. మంచి పనివాడు ఆ కొనను ఎన్నడును కత్తిరింపడు. వెండ్రుకలను ఒక చిన్న గిన్నెవంటి అచ్చులో కొనలు క్రిందికి వచ్చునట్లు పోసి, తట్టి, గుమ్మటముగా కూర్చి, మొదళ్లను దారముతో బిగించి, పిడిలో అంటించును. చవుక పనివాడు ఎట్లో కట్టకట్టి, పైన కత్తెరతో గుండ్రముగా కోయును. కోసిన కొన మొద్దై గ్రుచ్చుకొనును. మనకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. కోయని వరిపైరుమీద చేయి నిమిరిన పట్టువలె నుండును. కోసిన పొలమున కాలుపెట్టిన ఆ మోళ్లు ఎట్లుండునో పల్లెలో పుట్టినవారందరును ఎరుగుదురు.

మరియొక సంగతి. వెండ్రుకల పొడవును, కట్ట లావును కూడ చూడవలెను. పొట్టిగా, దట్టముగా నున్న బ్రష్షు ఎంత మేలురకమైనను బిరుసుగా నిలుచును. పొడవైనది వంగి చర్మముమీద వాలును. సుకుమారమైన చర్మమునకు యాబది మిల్లీమీటర్లకు తగ్గని వెండ్రుక, ఇరువదిరెండు మిల్లీమీటర్ల కట్ట సరిపోవునని చెప్పెను. మా మామగారి చెక్కిళ్లు లోపలికి పోయినవి గనుక పెద్ద కుంచె పనికిరాదు. వెండికొన బ్రష్షు నా మణికట్టున తాకినపుడు పిచ్చుక ఈకవలె నుండినది. వెల అడిగితిని. నూటికి పైబడిన పౌండ్లు. 'ప్యూరు' దానికి అందులో మూడవవంతు, కాని అది నన్నే గీరినది, ఇక ఆయన నేమి చేయునో!

ఇట్టి బ్రష్షులు కట్టు పని ఇంగ్లండులో చాల పాతది. కెంటువారు 1777 నుండియు బ్రష్షులు చేయుచున్నారు. 1919లో సింప్సను అనునాతడు ప్రారంభించిన పనిశాల చాలకాలము సోమర్సెట్టు సీమలో ఒక పాతమిల్లులో నడచి, 2008లో మాన్ ద్వీపపు వర్తకులకు అమ్ముడుపోయినది. చేతిపని ఇచ్చటిదే. కాని వెండ్రుక ఎచ్చటిది? ఈ దేశమునను బాడ్జరులు కలవు గదా, వానివేనా యని అడిగితిని. ఆయన దాచలేదు. "కాదమ్మా, చైనానుండి వచ్చును" అనెను.

కొనక, ఆలోచించి వత్తునని చెప్పి వచ్చివేసితిని.

ఇంటికి పోయి ఆ సంగతులు చదివితిని. ఇంగ్లండులో బాడ్జరును చంపుట, దాని కలుగును చెరచుట, దాని అవయవములను ఉంచుకొనుట నేరము. 1973లో మొదటి చట్టము, 1992లో ఇంకను గట్టిదైన చట్టము వచ్చినవి. కాని ఆవులకు క్షయరోగమును వ్యాపింపజేయుచున్నదను కారణముచేత 2013 నుండి ప్రభుత్వమువారే అనుమతిచీట్లిచ్చి రెండులక్షలకు పైబడిన బాడ్జరులను చంపించిరి. దీనిని గూర్చి అచ్చట రైతులకును జంతుప్రియులకును మధ్య జరిగిన వాదములు మన గోదావరి జిల్లాల కోడిపందెముల వాదములను మించినవి. అయినను ఈ వెండ్రుకతో బ్రష్షులు చేయరు. బ్రష్షులకు వచ్చునది చైనానుండి. 2018లో పెటా అను జంతుసంరక్షణ సంఘమువారు ఆ దేశమందలి కొన్ని పెంపకపు కొట్టములను చిత్రములు తీసి లోకమునకు చూపిరి. ఇరుకు బోనులలో తిరుగుటకైన తావులేక ఆ జంతువులు ఉన్నచోటనే చుట్టుచుట్టు తిరుగుచున్నవి. వానిని చంపు తీరును చూచినపుడు నేను చిత్రములను మూసివేసితిని. దానిని ఇచ్చట వ్రాయను.

మనదేశము ఇందులో శుద్ధమని గర్వపడుటకు వీలులేదు. చిత్రకారులు వాడు సన్ననికుంచెలకై ముంగిసలను పట్టి చంపువారు మనలోను ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద అది నేరము. అయినను అధికారులు సోదాలు జరిపినపుడు వేలకొలది కుంచెలు బయటపడుచునే యున్నవి. మా పెద్దమ్మాయికి పెయింటింగు నేర్చుకొను దినములలో కొనియిచ్చిన కుంచెలు ఏ ప్రాణివో నేనెన్నడైన అడిగితినా?

జంతువుల వెండ్రుకతో చేసిన గడ్డపు బ్రష్షులకు వేరొక చరిత్ర కూడ కలదు. 1914లో మొదలైన మహాయుద్ధమున బాడ్జరు వెండ్రుక వచ్చు మునుపటి దారులు మూతపడగా, వర్తకులు గుఱ్ఱపు వెండ్రుకలకు రంగువేసి బాడ్జరువని నమ్మించి అమ్మిరి. వానిని సరిగా శుద్ధిచేయకపోవుటచే, మన పల్లెలలో పశువులకు సోకు దొమ్మరోగము ఆ బ్రష్షుల ద్వారా సైనికుల మొగములకు సోకి కొందరు మరణించిరి. 1920లో ఇంగ్లండు ప్రభుత్వమువారు జపానునుండి వచ్చు గడ్డపు బ్రష్షులను నిషేధించిరి. ఇప్పుడు శుద్ధిచేయు పద్ధతులు బాగుపడినవి గనుక మంచికొట్టులో కొనినవారు భయపడనక్కరలేదు. కాని సంతలలో అమ్ము పాత బ్రష్షులను, పిడి దంతపుదని మురిసి కొనవలదు.

ఇట్లుండగా ఒక ఆదివారము మా అల్లుడు, "అత్తయ్యగారూ, ఆ జంతువునే చూతురా?" అని అడిగెను. ఆతని స్నేహితుడొకడు లండనునకు వాయవ్యముగా చిల్టర్ను కొండలలో కాపురమున్నాడు. ఆతని తోటవెనుక బాడ్జరు కలుగులున్నవట. అమ్మాయిని ఆమె అత్తగారికి అప్పగించి వెళ్లితిమి.

అది బీచిచెట్ల అడవి. మన అడవులవలె ముండ్లపొదలతో కిక్కిరిసి యుండదు. నున్నని బూడిదరంగు మ్రానులు స్తంభములవలె నిలిచి, పైన లేతయాకులు పందిరి వేసినవి. మేనెల గనుక చెట్లక్రింద నీలిగంటల పూలు వాడుముఖము పట్టి, ఇంకను అచ్చటచ్చట నీలపు మరకలవలె నున్నవి. నేల సుద్దనేల. త్రవ్వినచోటనెల్ల తెల్లని మన్ను బయటపడును. ఆ తెల్లనిమన్ను కుప్పలే బాడ్జరు కలుగుల గుర్తులు. ఆ కలుగులను తాతముత్తాతల కాలమునుండి ఒకే కుటుంబమువారు అనుభవింతురట. ఒక్కొక్క కలుగునకు పది పండ్రెండు ద్వారములు. గాలి మామీదనుండి వానివైపునకు పోరాదని, మమ్ములను ఒక కూలినమ్రాను వెనుక కూర్చుండబెట్టిరి. రాత్రి ఎనిమిదిన్నర దాటినను ఆ దేశమున వేసవిలో వెలుతురు పోదు. చీరెకట్టుతో గడియన్నరసేపు కదలక మెదలక కూర్చుండుట సులువైన తపస్సు కాదు. చలికి పండ్లు కొట్టుకొనుచుండెను.

తొమ్మిదింటికి మొదట ఒక ముక్కు కనిపించినది. పిదప తెల్లని మొగము, దానిమీద కన్నులగుండ పోవు రెండు నల్లని చారలు, మా వంటమనిషి పెరుమాళ్ల కోవెలలో చూచిన నామముల తలక్రిందులుగా తోచినది. ఆ తరువాత ఒళ్లు. మన నీటికుక్క కుటుంబమునకు చెందినదట గాని, చూచుటకు ఎలుగుగొడ్డు పిల్లవలె గుండ్రముగా, పొట్టికాళ్లతో నున్నది. పది పన్నెండు కిలోల బరువుండును. వానపాములు దాని ముఖ్యాహారము, ఒక్కరాత్రిలో వందలకొలది తినును. అది బయటికి వచ్చి కూర్చుండి, రెండు చేతులతో పొట్టను బరబర గోకికొనినది. ఒంటినిండ బూడిదరంగు వెండ్రుక. నా మణికట్టుకు తాకినది ఇదే గదా యనుకొంటిని.

వెనుక మరి రెండు వచ్చినవి. అందొకటి ఎండుటాకులను గడ్డముక్రింద ఒత్తిపట్టి, వెనుకకు వెనుకకు నడచుచు కలుగులోనికి లాగికొనిపోయినది. ఏమి చేయుచున్నదని సైగతో అడిగితిని. పడక మార్చుచున్నదట! పాతగడ్డిని బయట పారవేసి, క్రొత్తదానిని పరచుకొనును. మలవిసర్జనకు కలుగునకు దూరముగా గోతులు త్రవ్వుకొనును. మా యింట పనిపిల్లకు ఈ శుభ్రత నేర్పుటకు నాకు రెండేండ్లు పట్టినది. ఇంగ్లీషువారి పిల్లల పుస్తకములలో బాడ్జరు గంభీరుడైన పెద్దమనిషిగా కనిపించును. 1908లో కెనెత్ గ్రేహాము వ్రాసిన కథలో అది అడవి నడుమ వెచ్చని వంటయిల్లు గల గృహస్థు. ఆ ఊహ ఊరక పుట్టలేదు.

ఇది చూచిన పిమ్మట వెండికొన బ్రష్షు కొనుటకు నా చేయి రాలేదు. కాని ఒక మాట నిజముగా చెప్పవలెను. అడవిలో నేను చూచిన బాడ్జరుకు ఏ హానియు లేదు. హాని దూరదేశమున బోనులలోనున్న వానికి. కంటితో చూచినదానిమీద కలుగు దయ కంటబడనిదానిమీద కలుగకుండుట మనలోని లోపమే. ఇక ఇంటివద్దనున్న మనిషి దద్దులు కూడ కంటబడినవే. ఆయన చర్మమునకు దానికంటె మేలైనది లేకపోయియుండినచో నేనేమి చేసియుందునో!

మరునాడు జెర్మిన్ వీధికి మరల వెళ్లి, వెండ్రుకలేని బ్రష్షు కలదా యని అడిగితిని. ఆ వృద్ధుడు ఆశ్చర్యపడలేదు. ఈ కాలమున చాలమంది అదే అడుగుచున్నారట. వెండ్రుకవలె నల్లని పట్టీ, తెల్లని కొన గల కృత్రిమపు పోగుల బ్రష్షును చూపెను. మా చిన్ననాటి నైలాను బ్రష్షు చీపురునకు తమ్ముడు. ఇది వేరు. పోగుల కొనలను రసాయనములతో సన్నబరతురు గనుక గ్రుచ్చుకొనదు. కన్నులు మూసికొని మణికట్టున ముమ్మారు మార్చి మార్చి రాయించుకొంటిని. వెండికొన రకమునకును దీనికిని భేదము తెలియకపోలేదు. వెండికొన వెచ్చగా, బరువుగా తోచును. ఇది తేలికగా, కొంచెము జారుడుగా నుండును. కాని గీరుట మాత్రము రెంటిలోను లేదు. వెల మూడవవంతు. కొంటిని. పిడి గుండ్రముగా, వణకుచేతికి జారనిదిగా ఏరుకొంటిని. ఆయన తాముగా పట్టుకొనదలచినచో అనుకూలముగా నుండవలెనని.

ఇటువంటి చర్మముగలవారు ఏ ఇంటనైన ఉండవచ్చును గనుక, వాడు విధమును వ్రాయుచున్నాను. మొదట గోరువెచ్చని నీళ్లలో తడిపిన తువాలును గడ్డముమీద రెండు మూడు నిమిషములుంచుడు. వెండ్రుక నీరుపట్టి మెత్తబడును, సగము పని దీనితోనే తీరును. బ్రష్షును గోరువెచ్చని నీటిలో తడిపి విదిల్చి, సబ్బుమీద నెమ్మదిగా త్రిప్పుడు. కృత్రిమపు పోగులు నీరు పీల్చవు గనుక చాలసేపు నానబెట్టనక్కరలేదు, మరుగునీళ్లు అసలు తగిలింపవలదు. మొగమున గుండ్రముగా రుద్దుటకంటె, గోడకు సున్నము వేసినట్లు పైకిని క్రిందికిని పూయుట మేలు. అదిమినచో ఎంత మెత్తని బ్రష్షైనను మంటపెట్టును. పరిమళపు సబ్బు వలదు. చాలమారులు బ్రష్షును నిందింతుము గాని, దోషము సబ్బులోని అత్తరుది. కత్తిని వెండ్రుక వాలిన దిక్కుననే నడపుడు. ఎదురు గీయవలదు. పటిక గాయమునకు మంచిదే కాని పలుచని చర్మమును మండించును. మేము చన్నీళ్లతోనే ముగించుచున్నాము. రక్తము పలుచబరచు మందు వాడువారికి క్షౌరము చేయునపుడు శుభ్రమైన గుడ్డ దగ్గరనుంచుకొనుడు. గాటు పడినచో గట్టిగా అదిమిపట్టవలెను. ఆగనిచో వైద్యుని పిలువవలెను. పని ముగిసిన పిమ్మట బ్రష్షును కడిగి, విదిల్చి, గాలి తగులుచోట ఆరబెట్టుడు. తడిదానిని డబ్బాలో మూసినచో బూజుపట్టును.

ఇట్టి బ్రష్షులు ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ వంటి పట్టణములలోను దొరకుచున్నవి. దీనికై ఎవరును సముద్రము దాటనక్కరలేదు.

నేను ఆగస్టులో ఇల్లు చేరితిని. మొదటిదినమున ఆయన బ్రష్షును చేతిలో త్రిప్పి త్రిప్పి చూచి, "ఏ జంతువుదమ్మాయీ?" అనిరి. "జంతువుది కాదు మామయ్యగారూ, యంత్రమున తీసిన పోగు" అంటిని. చెంపకు రాచుకొని కొంతసేపు ఊరకుండిరి. "సరే, నీళ్లు పెట్టు" అనిరి. గడ్డము గీయునంతసేపును నేను అడవిలో చూచిన జంతువు సంగతి చెప్పుచుంటిని. పడక మార్చుకొను ఘట్టమున ఆయనకు నవ్వువచ్చి మొగము కదలినది. మావారు కత్తి ఆపి, "నీ కథ తరువాత చెప్పవే!" అని కసరిరి. ఎడమచెంపమీద ఒక చిన్న గాటు పడినది. దద్దులు మాత్రము లేవలేదు. ఆ సాయంకాలము వీధియరుగుమీద రెండు కుర్చీలు వేయుమనిరి.